నాలుగో పక్షి వెనకవైపు

గురువారం పొద్దున ఎనిమిదింటికి కార్పెట్ పరిచేవాళ్ళు వస్తారు. అప్పటికి మేడమీది మూడు గదుల్లోనూ నేలమీద ఒక్క వస్తువు ఉండకూడదని, అల్మరాల అడుగులు సైతం ఖాళీ కావాలని కొలతలకి వచ్చిన మనిషి గట్టిగా చెప్పి వెళ్ళాడు. నలభై ఏళ్ళ కుట్టుపని పేరుకుపోయిన ఇంట్లో అది ఎంత పనో మార్లిస్ హోగెన్‌కి తెలుసు, ఆమె భర్త ఓరిన్‌కీ తెలుసు. అందుకే ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు: కుట్టుసామాను నాలుగు పెట్టెలు ఇంట్లో ఉంటాయి, మిగిలిందంతా చర్చివాళ్ళు పెట్టే పాతసామాను అమ్మకానికి పోతుంది. పోయిన వారం మనం చివరగా చూసినప్పుడు మార్లిస్ ఏటవాలు కప్పు కింది అల్మరాలోంచి అడుగుపెట్టె లాగి, పదకొండేళ్ళ కిందట సగంలో వదిలేసిన బల్లగుడ్డని ఒళ్ళో పరుచుకుంది. దాని అంచు చుట్టూ ఎనిమిది లూన్ పక్షులు, సరస్సులో ఈదే నల్లటి నీటిపక్షులు, రావాలి. మూడోది అయ్యాక విసుగొచ్చి మానేసింది. ఇప్పుడు ఆ గుడ్డమీద ఐదు పక్షులున్నాయి.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి. ఐదే.

మొదట నవ్వొచ్చింది. ఎప్పుడో తీసి కాస్త కుట్టి మళ్ళీ లోపల పడేసి ఉంటాను, అంతేగా అనుకుంది. కళ్ళద్దాలు సర్దుకుని గుడ్డ తిరగేసింది. ముందువైపు ఊరందరికీ చూపించేది. కుట్టేవాళ్ళ సంగతంతా వెనకవైపే ఉంటుంది. మార్లిస్ గుడ్డకి వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంటుంది. ముడి వెయ్యదు. దారం కొసని కుట్ల కిందికి దూర్చి మాయం చేస్తుంది. తల్లి ఆల్మా నేర్పిన పద్ధతి అది. ఎక్కడైనా ముడి కనబడితే ఆల్మా కత్తిరించి పారేసి మళ్ళీ మొదటినుంచి కుట్టించేది.

నాలుగో పక్షి వెనక ఒక్క ముడి లేదు. అచ్చంగా మార్లిస్ చెయ్యే. కానీ దాన్ని కుట్టిన గుర్తు ఆమెకి ఇసుమంత కూడా లేదు. ఏ కుర్చీలో కూర్చుని కుట్టిందో, ఏ చలికాలమో, రేడియోలో ఏం వస్తోందో, ఏదీ లేదు. ఆమెకి ప్రతి కుట్టూ ఏదో ఒక సాయంత్రంతో కలిసి గుర్తుంటుంది. ఇక ఐదో పక్షి వెనక చిన్న చిన్న ముడులు, గట్టిగా, వరసగా ఉన్నాయి. అవి మాత్రం ఆమెవి కావు.

నవ్వు ఆగిపోయింది. ఆల్మాకి జబ్బు ఇలాగే మొదలైంది. అరవై తొమ్మిదో ఏట ఒకే మనిషికి మూడు క్రిస్మస్ కార్డులు పంపి, మూడూ తను రాసినవి కావని వాదించింది. మార్లిస్‌కి ఇప్పుడు అరవై ఏడు.

ఆమె గుడ్డని మడిచి దిండుగలీబులో పెట్టి మంచం కిందికి తోసింది.

రాత్రి భోజనం దగ్గర ఓరిన్ అడిగాడు, "ఎన్ని పెట్టెలు తేలాయి?"

"ఆరు."

"నాలుగన్నాం."

"నీ గాలాలు ఎన్ని పెట్టెలున్నాయో ఎవరైనా అడిగారా?"

"అవి గ్యారేజీలో ఉన్నాయి. గ్యారేజీకి కార్పెట్ వెయ్యట్లేదుగా." ఓరిన్ ముప్ఫై అయిదేళ్ళు రైల్వే షెడ్డులో ఖనిజం మోసే వ్యాగన్లు బాగుచేసిన మనిషి. ఏ వాదనైనా ఇంత తక్కువ మాటల్లో ముగించడం అతనికి అలవాటు. సూప్‌లో రొట్టె ముంచుకుంటూ అన్నాడు, "ఆ ఏటవాలు అల్మరా జోలికి మాత్రం పోకు. వంగితే నీ నడుము పట్టేస్తుంది. దాన్ని నేను చూసుకుంటా."

ఆదివారం నుంచి అతను ఆ మాట అనడం ఇది రెండోసారి. మార్లిస్ తలూపింది.

మంగళవారం పొద్దున్నే ఆమె దిండుగలీబు చంకన పెట్టుకుని విల్డా బ్రెకీ ఇంటికి వెళ్ళింది. విల్డాకి ఎనభై నాలుగు. చర్చి కింది గదిలో బుధవారాలు కూడే కుట్టుబృందానికి ఆమే పెద్ద దిక్కు. మార్లిస్ గుడ్డ తీసి బల్లమీద పరచబోతే విల్డా చెయ్యి అడ్డంపెట్టింది.

"ముందువైపు ఎందుకు, తిరగెయ్యి."

గుడ్డని కిటికీ దగ్గరికి లాక్కుని, భూతద్దం పట్టుకుని అంచు వెంబడే నెమ్మదిగా నడిపింది. చివరికి వచ్చేసరికి పెదవి విరిచింది.

"ఇందులో ఇద్దరున్నారు. మొదటి నాలుగూ నువ్వు. ఐదోది ఎవరో మగమనిషి."

"మగమనిషని ఎలా చెప్తావు?"

"దారం చూడు. గడ్డికోసే యంత్రాన్ని తాడు లాగి స్టార్ట్ చేసినట్టు లాగాడు. పాపం, గుడ్డ ముడతలు పడింది. పైగా ఈ ముడి. ఇది సూది పట్టేవాళ్ళ ముడి కాదు, గాలానికి వేసేది. మా నాన్న వేసేవాడు."

"నాలుగోది నాదేనంటావా? ఇంకోసారి చూడు."

విల్డా భూతద్దం దించి ఆమె మొహం చూసింది. "నువ్వు కుట్టావో లేదో నన్నడుగుతున్నావా?"

మార్లిస్ కాఫీకప్పు ఎత్తుకుంది కానీ తాగలేదు. విల్డా గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఆమె ముందుకు జరిపింది.

"చూడమ్మాయ్. ఉన్నపళంగా భయపడకు. ముందు తెలిసినదాన్ని పట్టుకుని వెళ్ళు. మీ ఇంట్లో గాలాలు కట్టే మనిషి ఒక్కడే కదా ఉన్నాడు. వెళ్ళి అతన్నడుగు."

మార్లిస్ కొండవీధి ఎక్కి ఇంటికి వచ్చేసరికి గ్యారేజీ తలుపు ఎత్తి ఉంది. మేడమీది సామాను దింపి పెట్టడానికి ఓరిన్ చోటు చేస్తున్నాడు. ఆమె తిన్నగా అతని పనిబల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఓరిన్, గాలం ఎలా కడతారో చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అతను ఆశ్చర్యంగా చూసి, డబ్బాలోంచి ఒక గాలం, జానెడు దారం తీశాడు. అంత పెద్ద వేళ్ళూ ఒక్కసారిగా నాజూకైపోయాయి. దారం రెండు చుట్లు తిరిగింది, కొస లోపలికి దూరింది, చివర్న చిన్న గట్టి ముడి పడింది. మార్లిస్ దిండుగలీబులోంచి గుడ్డ తీసి, వెనకవైపు పైకి తిప్పి, ఐదో పక్షిని ఆ ముడి పక్కన పెట్టింది.

ఓరిన్ రెంటినీ చూశాడు.

"ఎక్కడ దొరికింది?"

"నువ్వు పోవద్దన్న చోట."

అతని మూతి కొంచెం వంకర పోయింది. నవ్వు వస్తోంది, ఆపుకుంటున్నాడు. "మెడ పొడుగైంది కదా. మధ్యలోనే తెలిసింది నాకు. లూన్ అనుకుని మొదలుపెడితే బాతు తేలింది."

"నవ్వకు," అంది మార్లిస్. "నిన్నటినుంచి నా బుర్ర పోతోందనుకుంటున్నాను. నాకేం గుర్తులేదు ఓరిన్. మా అమ్మలాగే అయిపోతున్నానని, నీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను."

ఓరిన్ మొహంలో నవ్వు పోయింది. చేతిలో గాలం బల్లమీద పెట్టేశాడు. "అయ్యో," అన్నాడు మెల్లగా. "నేనది అనుకోనేలేదు. నిజంగా అనుకోలేదు మార్లిస్."

"నాలుగోది కూడా నువ్వేనా?"

అతను తల అడ్డంగా తిప్పాడు. "కాదు."

"అయితే నేనే. కుట్టి మరిచిపోయాను."

"నువ్వూ కాదు. కూర్చో." బోర్లించిన బకెట్ ఒకటి కాలితో ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు. "అది మీ అమ్మ కుట్టింది."

కింద సరస్సులో ఖనిజం ఓడ ఒకటి రేవులోకి వస్తూ కూత పెట్టింది.

"మా అమ్మకి ఆఖరి చలికాలం చెంచా పట్టుకోవడం కూడా రాదు," అంది మార్లిస్.

"చెంచా రాదు. సూది వచ్చు."

ఆమె అప్పుడు కూర్చుంది.

ఓరిన్ చెప్పడం మొదలుపెట్టాడు. అతనికి కథ చెప్పడం రాదు, ముందుది వెనక, వెనకది ముందు వచ్చేది. అయినా మార్లిస్‌కి అర్థమైంది ఇదీ. ఆరేళ్ళ కిందటి నవంబరులో, ఆమె ఇంకా బడి ఆఫీసులో పనిచేస్తున్న రోజుల్లో, సాయంత్రాలు వృద్ధాశ్రమానికి వెళ్ళి తల్లిని చూసి వచ్చేది. ఒకనాడు ఇంటికి వచ్చి కోటయినా విప్పకుండా వంటగదిలో నిలబడి ఏడ్చింది. ఆల్మా ఆమెని చూసి "మీరు ఇక్కడ కొత్తగా చేరారా?" అని మర్యాదగా అడిగిందట. మర్నాడు పొద్దున, రిటైరై ఖాళీగా ఉన్న ఓరిన్ ఎవరికీ చెప్పకుండా కారు తీసుకుని అక్కడికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో తనకే తెలియదు. అత్తగారికీ అతనికీ ఎన్నడూ పడింది లేదు.

"ఊరికే చూసొద్దామని. కిటికీ కిర్రుమంటోందని నువ్వు అన్నావుగా, స్క్రూడ్రైవర్ కూడా పట్టుకెళ్ళా. బిగిస్తుంటే నా చేతులు వణికాయి. సిగరెట్లు మానేసి మూడు వారాలు. మీ అమ్మ చూసింది. 'చేతులు ఊరికే ఉంచితే అలాగే వణుకుతాయి, ఇలా రా' అంది. నర్సు ఇచ్చిన చిన్న గుడ్డముక్క మీద ఏదో కుడుతోంది. సూది తీసి నా చేతిలో పెట్టింది."

"నీ చేతిలో."

"రెండోరోజు నీ పెట్టెలోంచి ఇది తీసుకెళ్ళా. ఆ ముక్క మరీ చిన్నది, ఆవిడకి చాల్లేదు. ఎలాగూ నువ్వు వదిలేసిందేగా అనుకున్నా. నాలుగోది ఆవిడ కుట్టింది, నేను దారం ఎక్కిస్తూ కూర్చున్నా. ఐదోది నా చేత కుట్టించింది. తప్పు పోతే చేతిమీద ఒక్కటి వేసేది."

"ముడులు వెయ్యనిచ్చిందా?"

"'నీ ఇష్టం వచ్చినట్టు వేసుకో' అంది."

ఈ ఒక్క మాట మార్లిస్‌కి ఎక్కడో తగిలింది. చిన్నప్పుడు ముడి వేసినందుకు ఆరుబయట ఆటలు మానిపించిన తల్లి. ఆమె గుడ్డ ఒళ్ళోకి తీసుకుని నాలుగో పక్షి వీపుమీద బొటనవేలితో నిమిరింది. నల్లదారం నున్నగా, చల్లగా ఉంది. భయం పోయింది. ఆ చోట్లోకి ఇంకోటి వచ్చి కూర్చుంది. దాన్ని అసూయ అనాలో ఏమనాలో ఆమెకి తెలియలేదు.

"ఎన్నాళ్ళు వెళ్ళావు?"

"మార్చి దాకా. వారానికి నాలుగు పొద్దులు."

"ఆ చలికాలమంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు ఆవిడ. రోజూ నా పేరు చెప్పి పరిచయం చేసుకునేదాన్ని."

"తెలుసు. అందుకే చెప్పలేదు నీకు. నువ్వు ఏడుస్తూ వస్తుంటే, నేను పొద్దునంతా ఆవిడతో కబుర్లు చెప్పొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అది నిజమే. ఆ మాట అప్పుడు విని ఉంటే తట్టుకోగలిగేది కాదని మార్లిస్‌కి తెలుసు. అయినా కుతూహలం ఆపుకోలేక అడిగింది, "ఏం కబుర్లు? నీ పేరు కూడా పలికేది కాదుగా. పెళ్ళయినప్పటినుంచీ 'మీ ఆయన' అనే అంది."

ఓరిన్ పనిబల్ల మీది దుమ్ము అరచేత్తో ఒక మూలకి తోశాడు. మళ్ళీ ఇంకో మూలకి తోశాడు.

"నన్ను ఓరిన్ అనుకుంటేగా," అన్నాడు. "ఐనార్ అనుకునేది."

"ఐనార్ ఎవరు?"

"అదే నేనూ నిన్ను అడగాలి."

మార్లిస్ జ్ఞాపకాల్లో వెతికింది. తండ్రి పేరు కార్ల్. మేనమామలు ముగ్గురు, వాళ్ళలో ఐనార్ లేడు. పక్కింటివాళ్ళలో, పాతఫొటోల వెనక రాసిన పేర్లలో, చర్చి వెనక సమాధిరాళ్ళ మీద, తను పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లో పలికిన పేర్లన్నిటిలో వెతికింది. ఐనార్ ఎక్కడా తగల్లేదు.

"ఏమనేది అతనితో?"

"మామూలు మాటలే. చలి ఎలా ఉంది, వలలు ఆరాయా, నాన్న నిన్ను చూడలేదు కదా, ఇలాంటివి. నేను ఊఁ కొట్టేవాణ్ణి. మార్చిలో ఒకరోజు ఉత్తరం రాయమంది."

"ఎవరికి?"

"ఐనార్‌కే. ఎదురుగా కూర్చున్నది ఐనారే, ఉత్తరం రాయాల్సిందీ ఐనార్‌కే. ఆవిడకి అందులో చిక్కేమీ కనబడలేదు. చిరునామా గడగడా చెప్పింది. తన గది నంబరు చెప్పలేని మనిషి, వీధి పేరూ ఇంటి నంబరూ తడుముకోకుండా చెప్పింది. రెండు వాక్యాలు. 'నేను బాగానే ఉన్నాను. నేను పోయాక మార్లిస్‌కి నువ్వే చెప్పు.' అంతే."

"ఏం చెప్పమని?"

"నాకు తెలియదు. ఒట్టు."

"పోస్టు చేశావా?"

"చేశా. కవరు వెనక మన ఇంటి చిరునామా రాశా. అలాంటి మనిషి ఎవరూ ఉండరు, తిరిగొచ్చేస్తుంది అనుకున్నా." ఓరిన్ గొంతు సవరించుకున్నాడు. "తిరిగి రాలేదు. జవాబు వచ్చింది. మీ అమ్మని పాతిపెట్టిన పన్నెండు రోజులకి."

మార్లిస్ లేచి నిలబడింది. గుడ్డ జారిపోతుంటే పట్టుకుంది. "ఎక్కడ?"

"అప్పుడు నువ్వు ఉన్న స్థితిలో ఇవ్వలేకపోయా. ఒక వారం పోయాక ఇద్దామనుకున్నా. ఆ వారం గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదంటావేమోనని భయం. అలా అలా ఐదేళ్ళు అయిపోయింది."

"ఎక్కడుందని అడుగుతున్నాను."

మేడమెట్లు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఎక్కారు. మెట్ల మొదట్లో చర్చికి పోయే పెట్టెలు, పైన ఉండిపోయే పెట్టెలు, ఇంకా ఎటూ తేలని రెండు ఉన్నిసంచులు దారికి అడ్డంగా ఉంటే ఓరిన్ వాటిని మోకాలితో తప్పించాడు. పడకగదిలో మంచానికి తనవైపు, కిటికీ కింది మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి పట్టకారు తీసి పాత కార్పెట్ అంచుని పట్టి లాగాడు. మేకులు టపటపమని ఊడాయి, దుమ్ము లేచింది.

"కార్పెట్ కిందా?" అంది మార్లిస్ నమ్మలేక.

"ఇల్లంతటిలో నువ్వు సర్దని చోటు ఇదొక్కటే. రేపు నువ్వు విల్డావాళ్ళ దగ్గరికి వెళ్ళాక తీద్దామనుకున్నా."

కవరు నలుపుదేరి, బల్లపరుపుగా అయిపోయి ఉంది. ఐదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఓరిన్ కాళ్ళు దాని మీదే దిగుతున్నాయి. అతను దాన్ని చొక్కాకి తుడిచి ఆమె చేతికిచ్చాడు. అంటించింది అంటించినట్టే ఉంది. తెరిచి చూడలేదు, ఆ మాత్రం మర్యాద పాటించాడు.

ఆమె ముందు చిరునామా చూసింది. ఉత్తరం ఓరిన్ పేరున గానీ, ఆల్మా పేరున గానీ రాలేదు. ముసలి చేతిరాతలో, ఒత్తి ఒత్తి రాసినట్టుగా, మార్లిస్ సోర్లీ అని ఉంది. పెళ్ళికి ముందు పేరు. నలభై మూడేళ్ళుగా ఆమెని ఎవరూ అలా పిలవలేదు.

"నా పేరున వచ్చిన ఉత్తరం," అంది. అరవలేదు. అరిచి ఉంటే ఓరిన్‌కి తేలికగా ఉండేది.

"అవును."

"నాకొచ్చిన ఉత్తరం మీద ఐదేళ్ళు నడిచావు."

ఓరిన్ తల దించుకున్నాడు. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చని మార్లిస్ అనుకుంది. తప్పకుండా చూసుకుంటుంది కూడా. ఇప్పుడు మాత్రం కవరు తిరగేసింది. పంపినవాళ్ళ చిరునామా వెనక మడతమీద ఉంది. ఎక్కడో దూరపు ఊరు ఉంటుందనుకుంది. ఇదే ఊరు. ఇదే కొండ. వాళ్ళ ఇంటినుంచి సరస్సు వైపు దిగితే ఆరో వీధి. ఆమె రొట్టె కొనుక్కునే దుకాణానికి వెళ్ళే దారి అదే.

"నువ్వు వెళ్ళావా అక్కడికి?"

"రెండుసార్లు ఆ ఇంటి ముందునుంచి కారులో వెళ్ళా. ఆపలేదు. రెండోసారి వరండాలో ఎవరో కూర్చుని ఉన్నారు."

మార్లిస్ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో నిలబడింది. వేలు దూర్చి కవరు అంచు చించింది. లోపల ఒకే కాగితం, రెండు వైపులా రాసింది. సంబోధన దగ్గర ఆమె పేరు ఒక్కటే ఉంది.

"మార్లిస్, నీతో నాకు పరిచయం లేదని నువ్వు అనుకుంటావు. కానీ మనం ఒకసారి మాట్లాడుకున్నాం. పోయిన వారం, మీ అమ్మ అంత్యక్రియలయ్యాక, చర్చి కింది గదిలో నాకు కాఫీ పోసింది నువ్వే. పంచదార వెయ్యనా అని అడిగావు. నేను నీ మొహం చూస్తూ జవాబు చెప్పడం మరిచిపోయాను."

ఆమె కాగితం దించి కళ్ళు మూసుకుంది. ఆ బల్ల ముందు నిలబడ్డ వరసని, ఒక్కొక్క కోటునీ, ఒక్కొక్క మొహాన్నీ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. ఆ రోజు ఆమె నూట నలభై మందికి కాఫీ పోసింది.